కొండ మీద మంచు, కళ్లంలో మంచు

మంచు అనే మాటను తెలుగువాళ్లం పొదుపుగా వాడుకుంటాం. తెల్లారి గడ్డిపోచ మీద మెరిసే చుక్క మంచే, రోడ్డును మింగేసే తెర మంచే, హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. గుంటూరు, ప్రకాశం రేగడి నేలల్లో పుట్టినవాళ్లకు మూడోది సినిమాల్లోనే కనపడేది. మొదటి రెండూ మాత్రం మా బతుకులో భాగం. ఆ రెండో మంచును చూద్దామని, సంక్రాంతి వెళ్లిన వారంలో నలుగురు స్నేహితులం కొండవీడు కోట ఎక్కాం. ఆ పొద్దుటి ప్రశ్న ఒకటి నన్ను ఇంకా వదల్లేదు.

నలుగురం ఒకే బడిలో చదువుకున్నాం. ఒకడు డెట్రాయిట్ నుంచి సెలవు మీద వచ్చాడు. ఒకడికి చిలకలూరిపేటలో మందుల షాపు. ఒకడు ఇప్పటికీ సేద్యమే. కొండ కింద మిరప, పత్తి వేస్తాడు. నేను ఊరు వదిలి పాతికేళ్లు. ఘాట్ రోడ్డు సగం దాకా బండి లైట్లు వేసినా ముందు ఏమీ కనపడలేదు. ఒక మలుపు తిరిగేసరికి మంచును దాటి పైకి వచ్చేశాం. కింద ఊళ్లు లేవు, చేలు లేవు, చెన్నై రహదారి లేదు. చూపు ఆనినంత మేరా తెల్లగా పరుచుకుని, అంచుల్లో ఎండ తగిలి గులాబీ రంగు తేలుతోంది. ఎక్కడో అడుగున ట్రాక్టరు చప్పుడు. నా గొంతు పూడుకుపోయింది. ఇంత అందం మా ఊరికి ఉందని నాకెవరూ చెప్పలేదే అనిపించింది.

మరుక్షణమే కళ్లం గుర్తొచ్చింది.

మొదటి కోత మిరపకాయ కళ్లాల్లో ఆరుతున్న రోజులవి. పొద్దు గుంకకముందే కుప్పచేసి పట్టాలు కప్పాలి, ఎండెక్కాక మళ్లీ పరవాలి. తేమ తగిలిన కాయ రంగు పోతుంది, తెల్లబారి తాలు అవుతుంది. తాలు ధర వేరు, మంచి కాయ ధర వేరు. గుంటూరు యార్డులో బస్తా కోసి గుప్పెడు కాయలు తీసి చూసేవాడికి అది ఏ రాత్రి తడిసిందో అక్కర్లేదు. చేలో ఉన్న మిరపకు ఈ చల్లటి తేమలో బూడిద తెగులు. పత్తిదీ అదే కథ. తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే కాటన్ కార్పొరేషన్ వాళ్లు కొనరు. మంచు ఆరేదాకా కూలీలు చేలో దిగరు, పూట సగం పోతుంది. అదే మంచు ప్రకాశం వైపు శనగకు మేలు. శనగ మంచుకే పండుతుందని అక్కడి రైతులంటారు.

నేను చూసి మురిసిపోతున్నది కింద ఎవరి రంగునో తీసేస్తున్నదే. ఇది తెలిశాక ఆ మురిపెం తప్పవుతుందా? తెలియకముందు ఒప్పయినది, తెలిసినంత మాత్రాన ఎలా తప్పవుతుంది?

మంచుకు మనసు లేదు. మబ్బులేని రాత్రి నేల వేడి ఆకాశంలోకి పోయి, గాలి కదలక, తడినేలను ఆనుకున్న గాలి చల్లబడితే అది పుడుతుంది. ఆ తడిలో కొంత మనమే తెచ్చుకున్నది. 1967లో సాగర్ కుడికాలువకు నీళ్లు వదిలాక ఈ మెట్ట చేలల్లో చాలావాటికి తడి అందింది. మిరపను పెంచిన నీరే తెల్లవారి మంచై దాని మీద వాలుతోంది. ఇందులో దేవుడి కోపమూ లేదు, కరుణా లేదు. అందమని, నష్టమని పేర్లు పెట్టింది మనమే. పెట్టాం కనుక రెండూ మోయాల్సింది మనమే కదా?

మేం నిలబడ్డ చోటుకీ ఒక తెల్లటి జ్ఞాపకం ఉంది. 14వ శతాబ్దం చివర ఈ కోటను ఏలిన కుమారగిరి రెడ్డికి కర్పూర వసంతరాయలని బిరుదు. వసంతోత్సవాల్లో అంత కర్పూరం చల్లించేవాడు. అవచి తిప్పయ్యశెట్టి లాంటి వర్తకులు సముద్రాల అవతలి నుంచి సుగంధ ద్రవ్యాలు తెప్పించేవారు. ఆ కర్పూరపు పొడి గాలిలో లేచినప్పుడు కింద చేలో కలుపు తీసేవాళ్లకు వాసన తగిలేదా? నాకు ఆ ఆలోచన బరువుగానే ఉంది. ఎత్తున నిలబడ్డ కన్ను ఎప్పుడూ కొంత ప్రభువు కన్నే.

డెట్రాయిట్ మిత్రుడు అక్కడి మంచు గురించి చెప్పాడు. మొదటిసారి కురిసినప్పుడు చెప్పుల్లేకుండా బయటికి పరిగెత్తాడట. మూడో ఏటికి పారతో ఎత్తి పోయడం, రోడ్డు మీద కనపడని మంచుపొరకు భయపడటం మిగిలాయి. అప్పుడే 2022 క్రిస్మస్ మర్నాటి సంగతి ఎత్తాడు. అరిజోనాలో స్నేహితుల కుటుంబాలు విహారానికి వెళ్లాయి, గడ్డకట్టిన సరస్సు పైపొర పగిలింది, ముగ్గురు తెలుగువాళ్లు పోయారు. వాళ్లలో మన గుంటూరు జిల్లా బిడ్డలున్నారు. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. ఎండ రాగానే పోయేదే మంచని నేర్చుకున్న కాళ్లు మనవి. నవ్వుతూ ఫొటో దిగాలనుకోవడంలో నేరం ఎక్కడుంది? ఆనందపడే హక్కుకు ముందుగా ఎంత తెలిసి ఉండాలి?

నా దిగులు సేద్యం చేసే మిత్రుడి దగ్గర బయటపెట్టాను. వాడు రాతి గోడ మీద కూర్చుని, కళ్లార్పకుండా కిందికే చూస్తున్నాడు.

"రాత్రే పట్టాలు కప్పి వచ్చా. నేను దిగులుపడితే తేమ తగ్గుద్దా ఏందిరా? ముప్పయ్యేళ్ల నుంచి దీన్ని కింద నుంచే చూశా. కాసేపు పైనుంచి చూడనీ."

నాకు సిగ్గేసింది. పంట వాడిది, బాధ నేను తొడుక్కున్నాను. పోగొట్టుకునేది ఏమీ లేనివాడి జాలి, వాడి ఒక్క గంట సంతోషాన్ని కూడా చెడగొట్టబోయింది. అలాగని పట్టనట్టు ఉండటమూ నాకు చేతకాదు. పక్కవాడి నష్టం తగలకుండా చూసే అందం నాకు వద్దు. వాడి తరఫున నేను ఏడ్చే హక్కూ నాకు లేదు. ఈ రెంటి నడుమ స్నేహితుడు ఎక్కడ నిలబడాలి?

తొమ్మిదింటికి మంచు విడిచింది. కిందికి దిగి పట్టాలు లాగాం. అడుగున ఒక వార మెత్తబడింది. నలుగురం పరిచాం. చేతులు మండాయి. డెట్రాయిట్ వాడు మరిచిపోయి కళ్లు తుడుచుకుని అల్లాడిపోయాడు. కర్నూలు వైపు నుంచి కోతకొచ్చిన కూలీలు అప్పుడే చేలో దిగుతున్నారు. మోకాళ్ల దాకా తడిసిన చీర పిండుకుంటూ ఒకామె మా దగ్గర ఆగింది. కొండ మీద తీసిన ఫొటో చూపించాడు మందుల షాపు మిత్రుడు. ఆమె ఫోను దగ్గరికి తీసుకుంది.

"ఇందులో మా గుడిసె యాడుంది సార్?"

తెర అంతా తెలుపే. సేద్యం మిత్రుడు ముందుకు వంగి, కొండనూ ఎండనూ చూసి లెక్కగట్టి, ఆ తెలుపులో ఒక చోట వేలు పెట్టాడు. ఆమె ఆ చోటునే చాలాసేపు చూసింది.