మూడో రౌండ్‌లో ఖాళీ కుర్చీ

గుంటూరులో ఒక బడిలో తొమ్మిదేళ్లలోపు పిల్లలకు రెండు రోజుల చదరంగం పోటీ పెట్టారు. ఒక తండ్రి కొడుకును స్కూటర్ మీద ఎక్కించుకుని పక్క ఊరి నుంచి తీసుకొచ్చాడు. గుంటూరులో పుట్టిన హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడనీ, మరుసటి ఏడే హంపి పదిహేనేళ్లకే ఆ హోదా అందుకుందనీ దారి పొడవునా చెబుతూ వచ్చాడు.

పిల్లవాడు మొదటి ఆట ఓడాడు. రెండోదీ ఓడాడు. పెద్దలను హాల్లోకి రానివ్వలేదు గనుక తండ్రి కిటికీ ఊచలు పట్టుకుని చూశాడు. గోడకు అంటించిన పట్టికలో కొడుకు పేరు అట్టడుగున కనబడేసరికి తల కొట్టేసినట్టయింది. ఎవరికీ చెప్పకుండా పిల్లవాణ్ణి ఇంటికి తీసుకుపోయాడు.

ఆ పోటీ స్విస్ పద్ధతిలో జరుగుతోంది. 1895లో జూరిచ్‌లో మొదలైన ఆ పద్ధతిలో ఓడినవాళ్లను ఇంటికి పంపరు. వీలైనంతవరకు సమానంగా పాయింట్లున్నవాళ్లనే ఎదురెదురుగా కూర్చోబెడతారు. పసివాళ్లకు ఇంతకన్నా దయగల ఏర్పాటు ఉండదు. మూడో రౌండ్‌లో ఆ పిల్లవాడికి జత పడింది కూడా రెండాటలూ ఓడిన ఒక పాపే.

పాపకు తెల్లపావులు వచ్చాయి. రాజు ముందున్న బంటును రెండు గళ్లు జరిపి, గడియారం నొక్కి, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని స్కోర్‌షీట్‌లో ఆ ఎత్తు రాసుకుంది. ఎదుటి కుర్చీలోకి ఎవరూ రాలేదు. అవతలివాళ్ల సమయం కరుగుతూనే ఉంది. గడువు దాటాక పోటీ నడిపించే ఆర్బిటర్ వచ్చి పాప పేరు ఎదుట ఒక పాయింట్ వేశాడు. ఆ పోటీలో ఆమెకు దక్కిన మొదటి పాయింట్ అదే. పాప బయటికొచ్చి అమ్మమ్మ ఒళ్లో తల దాచుకుని ఏడ్చింది. పాయింట్ వచ్చింది కదా అని ఎవరెంత చెప్పినా ఊరుకోలేదు.

ఆ రాత్రి పిల్లవాడు ఇంట్లో చదరంగం బల్ల పరిచి, అటూ ఇటూ మారి కూర్చుంటూ రెండు వైపులా తానే ఆడుకున్నాడు. తండ్రి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. తెల్లారగానే మళ్లీ తీసుకొచ్చి ఆర్బిటర్‌ను బతిమాలాడు. చెప్పకుండా వెళ్లినవాళ్లను మామూలుగా తిరిగి చేర్చుకోరు. పసివాడు కదా అని ఆయన ఒప్పుకున్నాడు.

ఆఖరి రౌండ్‌లో ఆ పిల్లవాడికీ, మూడో రౌండ్‌లో ఎదురుచూసిన ఆ పాపకే జత కుదిరింది. పిల్లవాడి బంటు చివరి గడికి చేరి మంత్రి అయింది. గెలిచేస్తున్నానన్న తొందరలో వాడు చెక్ చెప్పకుండానే పాప రాజుకు కదిలే చోటు లేకుండా చేశాడు. స్టేల్‌మేట్ అయింది, చెరో అర పాయింట్ వచ్చింది. ఇద్దరూ చేతులు కలుపుకుని, అక్కడే పావులు వెనక్కి పేర్చి ఎక్కడ తప్పిందో వెతకడం మొదలుపెట్టారు. ఆర్బిటర్ బయటికి పంపితే వరండాలో నేల మీద కూర్చుని మళ్లీ పేర్చుకున్నారు.

నీతి: ఓడిన బిడ్డకు సరిజోడును పోటీయే వెతికిపెడుతుంది. పెద్దలు తమ పరువు కోసం బిడ్డను మధ్యలో లేపుకుపోతే ఆ బిడ్డ ఆటతోపాటు, ఎదురుగా కూర్చోవలసిన మరో బిడ్డ ఆట కూడా పోతుంది. రెండాటలు ఓడి వచ్చిన పిల్లవాడికి ఇంత అన్నం పెట్టి, కాసేపు ఆడుకోనిచ్చి, మూడో ఆటకు వేళకు పంపడమే ఆ రోజు తల్లిదండ్రులు చేయవలసిన పని.