దారి ఇస్తే ఓడినట్టా?

మా రేణిగుంట సందులో రెండు ఆటోలు ఎదురుపడితే ఇక కురుక్షేత్రమే. మొన్నా అంతే, "నువ్వు తగ్గు" అంటే "నువ్వే తగ్గు" అని పంతం. చివరికి ఎదురింటి అవ్వ వచ్చి, "నాయనా, ఆటోలో బిడ్డ నొప్పుల్తో ఉండాదిరా!" అనగానే ఒకతను వెనక్కి తీశాడు.

"సందుకు రెండు కొసలా తెలివైన లైట్లు పెట్టాలి. వచ్చే బండ్లను కనిపెట్టి ఒకవైపే పచ్చ వేస్తాయి," అన్నారు మావారు.

నిజమే. రైల్వే జంక్షను ఊరిదాన్ని, నాకు తెలీదూ! ఒంటి లైను మీద వెనకటికి టోకెను చేతికందితేగానీ డ్రైవరు బండి కదిపేవాడు కాదు. ఆగడం అక్కడ ఓటమి కాదు, పద్ధతి. లైటొస్తే మనకూ పంతాలు తప్పుతాయి.

కానీ లైటు బండినే చూస్తుంది, లోపలి నొప్పిని కాదు. పచ్చ మనవైపే వెలిగినా, అవ్వ మాట వినే చెవి మనకు మిగలాలి కదండీ!