పువ్విచ్చే ముందు

ఎర్ర గులాబీ ఇస్తే ప్రేమట. పసుపు గులాబీ స్నేహమట. తెల్లది నిర్మలత్వమట. ఫిబ్రవరి నెల వచ్చిందంటే ఈ అర్థాల జాబితా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. మన కనకాంబరానికి మాత్రం అందులో చోటు లేదు లెండి.

ఇది నిన్నమొన్న పుట్టిన వేడుక కాదు. 1718లో లేడీ మేరీ మాంటేగ్యూ అనే ఇంగ్లీషావిడ, ఇస్తాంబుల్‌లో పూలూ పళ్ళూ పంపుకుని నోరు విప్పకుండానే ప్రేమలేఖలు నడుపుతారని ఉత్తరం రాసి ముచ్చటపడింది. 1819లో పారిస్‌లో షార్లట్ ద లాటూర్ పేరుతో పూలభాష మీద ఒక పుస్తకం వచ్చింది. ఆ తర్వాత ఇక నిఘంటువులే నిఘంటువులు! చిక్కల్లా ఏమిటంటే, ఒకదానికొకటి పొసగవు. ఇవాళ స్నేహమంటున్న పసుపు గులాబీకి ఆ రోజుల్లో ప్రేమ సన్నగిల్లిందని అర్థం. మనం పండగపూట గుమ్మానికి కట్టే బంతిపువ్వుకి దుఃఖమని రాసిపెట్టారు మహానుభావులు.

వాళ్ళెవరైనా మా శ్రీకూర్మం వచ్చి, గుడి దగ్గర పూలబుట్టలు చూస్తే ఏమనేవారో. కూర్మనాథస్వామికి మొక్కు తీర్చుకునే కొత్త దంపతులూ ఇక్కడికే వస్తారు, శ్వేతపుష్కరిణిలో తమవాళ్ళ అస్థికలు కలపడానికీ ఇక్కడికే వస్తారు. ఒకే బుట్టలోని చేమంతులు ఇద్దరి చేతుల్లోకీ వెళతాయి.

మొన్న మాఘంలో మా అన్నయ్య కొడుక్కి నిశ్చితార్థమైంది. విశాఖపట్నం నుంచి ఫోను చేశాడు.

"అత్తా, ఆ అమ్మాయికి ఊదారంగు గులాబీలు పంపుదామనుకుంటున్నా. తొలిచూపులోనే ప్రేమ అని అర్థమట."

"బాగుంది. ఆ పిల్లకి ఏ పువ్విష్టంరా?"

"తెలీదత్తా."

"పోనీ అడగరాదూ?"

"అడిగితే ఇంక సర్‌ప్రైజ్ ఏముంటుంది?"

వాణ్ణి ఎగతాళి చెయ్యను. నోరు పెగలనివాళ్ళకి జాబితా సాయమే. కానీ అర్థం అట్టమీంచి తీసుకున్నాక, ఇక ఆ మనిషి వంక చూడవలసిన పని తప్పిపోతుంది కదా? అప్పుడది ఆ పిల్లకి ఇవ్వడమా, ఏ పిల్లకైనా ఇవ్వడమా?

నంది తిమ్మన పారిజాతాపహరణం చూడండి. నారదుడు తెచ్చిన పువ్వు మహిమలకేం తక్కువ? కృష్ణుడు దాన్ని పక్కనే ఉన్న రుక్మిణికి ఇచ్చేశాడు. ఆవిడకది గౌరవం. చెలికత్తె ఆ కబురు మోసుకెళ్ళేసరికి, అదే పువ్వు సత్యభామకు తలకొట్టేసినంత అవమానమైంది. పువ్వు ఎంచడంలో ఆయన పొరపాటేమీ లేదు, ఇంకో ఇంట్లో ఇంకొకతె ఉంది, అంతే. దానికి ఇంద్రుడితో యుద్ధం చేసి చెట్టే తేవలసి వచ్చింది. (మన మగవాళ్ళకు అంత శ్రమ లేదు. కొట్టు కట్టేసేలోగా వెళితే చాలు.)

అట్టలు మనవి కావుగా అని సంబరపడేందుకు లేదు. మనకూ ఒక జాబితా ఉంది, ఎక్కడా రాసి ఉండదు. తలలో పువ్వుంటే భర్త ఉన్నాడని అర్థం. ఆ ఒక్క అర్థం ముందు ఆడదాని ఇష్టాయిష్టాలన్నీ దిగదుడుపే.

మా వీధిలో ఒక మామ్మగారున్నారు. మల్లెల వాసనకి ఆవిడకి తలనొప్పి. అందుకని ఆవిడ భర్త ప్రతి శనివారం మూరెడు కనకాంబరాలు తెచ్చేవారు, వాటికి వాసన ఉండదు గదా. ఏ నిఘంటువులో వెతికినా ఈ అర్థం దొరకదు. ఆయన పోయాక ఆ ఇంటికి పూలు రావడం మానేశాయి. తేకూడదని ఎవరూ చెప్పలేదు, తేవాలని ఎవరికీ తోచనూ లేదు.

ఈమధ్య మనవరాలు మళ్ళీ శనివారం శనివారం తెస్తోంది. ఆవిడ తలలో పెట్టుకోరు, పారేయరు. నీళ్ళ పళ్ళెంలో వేసి మంచం పక్కన ఉంచుకుంటారు. "ఎవరికోసమమ్మా ఇప్పుడు?" అని వీధిలో అడిగినవాళ్ళున్నారు. ముసలావిణ్ణి బాధపెట్టడమేనన్నవాళ్ళూ ఉన్నారు. నేనూ రెండు వారాలు ఎటూ తేల్చుకోలేకపోయాను.

మొన్న శనివారం నేను వెళ్ళేసరికి, ఆవిడ ఆ దండని మోచేతినుంచి వేళ్ళకొసదాకా పరిచి కొలుస్తున్నారు. "చూశావుటే అమ్మాయ్, ఆ పూలమ్మి మూర తక్కువ కొలిచి ఇచ్చీసింది" అన్నారు. "ఆయన చేతి మూరైతేనా, ఇంకో నాలుగు పూలు వచ్చేవి."