తీర్పరి పీట

పోయిన వేసవి సెలవుల్లో మా ఇంట్లో యుద్ధం జరిగింది. కంగారు పడకండి, అత్తాకోడళ్ళ యుద్ధం కాదు. పలమనేరులో మా హాల్లో రెండు భోజనాల బల్లలు జతచేసి, పన్నెండుమంది పిల్లలు రెండు రోజులపాటు ఆడిన యుద్ధం.

మా వాడు బెంగుళూరులో చదువుతున్నాడు. అక్కడ వాడికి ఈ సరదా పట్టుకుంది. బల్ల మీద కొండలూ వాగులూ అమర్చి, బొమ్మ సైన్యాలు నిలబెట్టి, టేపుతో కొలుచుకుంటూ జరుపుతారట. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచిక చెబుతుందట. కుప్పం నుంచి మా చెల్లెలి పిల్లలు, మదనపల్లె నుంచి తమ్ముడి పిల్లలు, మా వీధి పిల్లలు కలిసి పన్నెండుమంది అయ్యేసరికి, "అమ్మా, కురుక్షేత్రం ఆడతాం" అన్నాడు. బొమ్మలకేం కొదవ? మట్టి బొమ్మలకు పేరున్న ఊరు మాది. గుర్రాలూ ఏనుగులూ బజారు నుంచి వచ్చాయి. కాల్బలానికి చింతగింజలు.

"నువ్వే తీర్పరివి" అన్నాడు నాతో.

"నాకేం తెలుసురా ఈ ఆట?"

"ఆట నేర్పిస్తా. నీకు ఏ సైన్యమూ లేదు కదా, అదే కావాల్సింది."

అడక్కుండా దొరికిన పెద్దరికం. చీర కొంగు దోపుకుని పీట ఎక్కాను.

మొదటి పేచీ పాచిక వెయ్యకముందే వచ్చింది. కౌరవులకు పదకొండు అక్షౌహిణులు, పాండవులకు ఏడు. "పదకొండుకి ఏడా! ఇదేం న్యాయం పెద్దమ్మా?" అంది మా చెల్లెలి కూతురు. పదమూడేళ్ళ పిల్ల. పోనీ చెరి తొమ్మిది పంచేద్దామా అనుకున్నాను. అంతలో మా అమ్మమ్మతో గుడి అరుగు మీద ఆడిన పులి-మేక గుర్తుకొచ్చింది. ఆ రాతి మీద చెక్కిన గీతల్లో మూడు పులులు, పదిహేను మేకలు. ఎక్కడైనా పోలిక ఉందా? పులి మేకను తింటుంది, మేక పులిని తినలేదు. అయినా ఆ ఆటను అన్యాయం అని ఎవరూ అనలేదు. ఎందుకంటే గెలుపు వేరు వేరు. పులికి తినడం గెలుపు, మేకలకు పులిని కదలకుండా కట్టెయ్యడం గెలుపు. బలం సమానం కానక్కర్లేదు, గెలిచే దారి ఇద్దరికీ ఉండాలి. పద్దెనిమిది వంతుల దాకా జెండా నిలబెట్టుకుంటే పాండవులు గెలిచినట్టేనని చెప్పాను. పేచీ తీరింది.

రెండోది, పన్నెండుమంది ఒకరి తర్వాత ఒకరు ఆడితే, వంతు వచ్చేసరికి చిన్నవాళ్ళు నిద్రపోతారు. అందుకని అందరూ ఒకేసారి, రెండు నిమిషాల్లో, చీటీ మీద రాసివ్వాలన్నాం. ఎవరి చీటీ ఎవరూ చూడకూడదు. సైన్యం పోయినవాళ్ళు మొహం వేలాడేసుకుని కూర్చోకుండా వార్తాహరుల పని చెయ్యాలి. పాచిక ఇత్తడి పళ్ళెంలో పడాలి. పళ్ళెంలో పడ్డది పడ్డట్టే. ఇవన్నీ కాగితం మీద రాసి గోడకు అంటించాం.

ఈ బల్లమీది యుద్ధాలు కొత్తవేం కావు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే యువ అధికారి పటం మీద పావులతో, పాచికలతో ఇలాంటిదే తయారుచేశాడు. అందులోనూ తీర్పరి ఉన్నాడు. అన్నీ ఆయనకు తెలుస్తాయి, ఆడేవాళ్ళకు మాత్రం వాళ్ళ సైన్యం కంటికి కనబడేదే చెబుతాడు. మనం మెచ్చుకోవలసిన ఆట ఇంకొకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు ఓడల్ని వరసగా ముంచేస్తుంటే, 1942లో లివర్‌పూల్‌లో గిల్బర్ట్ రాబర్ట్స్ అనే అధికారి ఒక గది నేలనే సముద్రంగా గీయించి ఆట పెట్టాడు. నేల మీద సుద్దముక్కతో ఓడల దారులు గీసి ఆట నడిపినవాళ్ళు నౌకాదళంలో చేరిన ఆడపిల్లలు. ఆడే అధికారులు తెరల వెనక ఉండి, సందుల్లోంచి కనబడినంతే చూడాలి. మాక్స్ హార్టన్ అనే పెద్ద అడ్మిరల్ జలాంతర్గామి పక్షాన ఆడి వరసగా ఓడిపోయి, ఇందులో మోసం ఉందన్నాడట. తెర అవతల తనలాగే సందులోంచి చూస్తూ ఆయన్ని ఓడించింది జానెట్ ఓకెల్ అనే కుర్రపిల్ల!

ఇదంతా మా వాడు చెబుతుంటే నాకు గర్వంగానే ఉంది, ఆ సాయంత్రం దాకా.

పొద్దున మా చెల్లెలి కూతురి మీద ఒకరు పాచిక వేశారు. అది పళ్ళెం అంచుకు కొట్టుకుని తిరిగి పడి ఆరు చూపించింది. దాని ఏనుగులు పోయాయి. "అంచుకు తగిలింది పెద్దమ్మా" అంది. "పళ్ళెంలో పడ్డది పడ్డట్టే" అన్నాను. మారు మాట్లాడలేదు.

సాయంత్రం అది మా తమ్ముడి కొడుకు మీదికి వచ్చింది. వాడికి ఏడేళ్ళు. వాడికున్నదల్లా రెండు ఏనుగులు. మా వైపు పొలాల మీద పడే అడవి ఏనుగుల్ని చూసిన పిల్లాడేమో, వాటికి పేర్లు కూడా పెట్టుకున్నాడు. పాచిక అంచుకు కొట్టుకుని ఆరు పడింది. వాడి పెదవులు వణికాయి. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "అంచుకు తగిలింది, చెల్లదు. మళ్ళీ వెయ్యి."

మళ్ళీ వేసింది. రెండు పడింది. ఏనుగులు బతికాయి. పిల్ల నా వంక ఒక్కసారి చూసి చీటీ రాసుకోవడానికి తల వంచుకుంది. అంతే.

అరిచినా బాగుండేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. చివరి రోజు నేల మీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి తొడ పగలగొడతాడు భీముడు. చిన్నప్పుడు అది చూసి చప్పట్లు కొట్టాను. ఇప్పుడు జూదం ఘట్టం కళ్ళముందుకొచ్చింది. మనం శకునిని తిడతాం. కానీ ద్రౌపది అడిగింది శకునిని కాదు, సభను. ముందు తనను తాను ఓడినవాడికి నన్ను ఒడ్డే హక్కుందా అని. భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదన్నాడు, తేల్చలేనన్నాడు. కౌరవుల్లోనే ఒక తమ్ముడు, వికర్ణుడు, నోరు విప్పాడు. ఆట చెడింది ఒక్క పాచికల వల్లనేనా? తీర్పరి పీటల మీద కూర్చున్నవాళ్ళ వల్ల కాదూ?

నేను మాత్రం దయతో చేశాను కదా అని సమాధానం చెప్పుకోబోయాను. అదీ నిలవలేదు. 1942 మేలో మిడ్వే దాడికి ముందు జపాను నౌకాదళం ఇలాగే బల్లమీద ఆడి చూసుకుంది. పాచిక ప్రకారం వాళ్ళ విమాన వాహక నౌకలు రెండు, అకాగీ, కాగా మునగాలి. తీర్పరి పీట మీదున్న అధికారి దెబ్బలు తొమ్మిది కాదు, మూడే అని తగ్గించేశాడని ఆ నౌకాదళం వాళ్ళే తర్వాత రాసుకున్నారు. తనవాళ్ళ మీద ప్రేమే మరి! జూన్‌లో నిజం సముద్రంలో ఆ రెండూ, వాటితో మరో రెండూ మునిగాయి. ప్రేమతో దిద్దిన పాచిక వాళ్ళను కాపాడలేదు సరికదా, తెలుసుకోవలసింది తెలియనివ్వలేదు.

మరి దయకు చోటే లేదా? ఉంది. చిన్నవాడికి ఒకసారి పాచిక మళ్ళీ వేయించుకునే హక్కు ఇస్తున్నానని ఆట మొదట్లోనే, అందరూ వింటుండగా చెప్పి ఉంటే అది దయే అయ్యేది. పిల్లలు ఒప్పుకునేవాళ్ళు కూడా. పాచిక పడ్డాక, ఎవరి మీద పడిందో చూశాక చూపిస్తే, అది ఇంకొకరి జేబులోంచి తీసి ఇచ్చిన దానమే. ఇళ్ళల్లో మనం ఇలాంటి దానాలు ఎన్ని చేస్తామో! కొడుక్కి ఒక లెక్క, కూతురికి ఒక లెక్క. కూతురు ఆలస్యంగా లేస్తే అలసట, కోడలు లేస్తే బద్ధకం. పళ్ళెం అదే, అంచూ అదే.

పొద్దున్నే పన్నెండుమందినీ కూర్చోబెట్టి, "నిన్న తప్పు తీర్పు చెప్పాను. ఏనుగులు పోయినట్టే" అన్నాను. చిన్నవాడు ఏడుస్తాడనుకున్నాను. వాడు ఆ రెండు బొమ్మల్నీ తనే తీసి పక్కన పెట్టేసి, "నాకు రాత్రే తెలుసత్తా" అన్నాడు. వార్తాహరుడి పని అడిగి పుచ్చుకున్నాడు.

మా చెల్లెలి కూతురు వంటింట్లోకి నా వెనకే వచ్చింది. "నువ్వు చెప్పకపోయినా నేను అడిగేదాన్ని కాదు పెద్దమ్మా" అంది.

అదే నాకు భయం వేసింది.