చట్టం ఒప్పుకుంటే చాలునా?



ఈమధ్య ఒక పెళ్లి విందులో పాత మిత్రుడొకరు కలిశారు. ఆయనకు బట్టల కొట్టు ఉంది. పధ్నాలుగు మంది గుమాస్తాలు పనిచేస్తున్నారు. మాటల మధ్య గొంతు తగ్గించి ఒక సంగతి అడిగారు. "మా కొట్లో నలుగురికి వచ్చే ఏడు అయిదేళ్లు నిండుతాయండీ. నిండితే గ్రాట్యుటీ మెడకు చుట్టుకుంటుంది. ఇప్పుడే రాజీనామా రాయించుకుని, రెండు నెలలు ఇంట్లో ఉండమని, మళ్లీ కొత్తగా చేర్చుకోమని తెలిసినవారు సలహా ఇచ్చారు. కాగితాల ప్రకారం అంతా సక్రమమే. తప్పంటారా?"

కాగితాలు సక్రమంగా ఉన్నాయని నమ్మిన మనిషి ఇంక నన్నెందుకు అడిగినట్లు? ఆయన మనస్సాక్షి నిద్రపోలేదు, అంతే. ఆ ప్రశ్ననే ఈ వారం మీ ముందు పెడుతున్నాను.

ముందు చట్టం సంగతి చూద్దాం. పదిమంది లేక అంతకు మించి పనివారున్న దుకాణాలకూ, కార్ఖానాలకూ 1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టం వర్తిస్తూ వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. మూల సూత్రం పాతదే. 5 ఏళ్లు విడవకుండా పనిచేసినవారికి ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాలి. నెలకు పనిదినాలు 26 అని లెక్క. మనిషి మరణించినా, పనిచేయలేని అంగవైకల్యం వచ్చినా 5 ఏళ్ల నియమం అడ్డురాదు. నిర్ణీత కాలపు ఒప్పందం మీద చేరినవారికి ఏడాది సేవకే ఈ హక్కు వస్తుందని కొత్త కోడ్ చెబుతోంది.

అంకెల్లో చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. లెక్కకు వచ్చే జీతం నెలకు 13,000 రూపాయలనుకోండి. 26తో భాగిస్తే రోజుకు 500. పదిహేను రోజులకు 7,500. ఇరవై ఏళ్లు కొట్లో నిలబడి తానులు దించి, విప్పి, మళ్లీ మడతపెట్టి, మోకాళ్లు అరిగిన గుమాస్తా ఇంటికి వెళ్లేటప్పుడు చేతికి వచ్చేది లక్షా యాభై వేలు. నాలుగున్నరేళ్లకొకసారి కొత్తవాడిగా మారిస్తే అదే మనిషి, అదే కొట్టు, అవే ఇరవై ఏళ్లు. వచ్చేది మాత్రం శూన్యం.

ఇక్కడ చాలామంది యజమానులు ఒకచోట పొరబడుతున్నారు. గ్రాట్యుటీ అంటే యజమాని సంతోషించి ఇచ్చే బహుమానం అనుకుంటారు. ఒకప్పుడు అలాగే ఉండేది. ఇష్టమైతే ఇచ్చేవారు, లేకపోతే లేదు. 1972 చట్టం దానిని హక్కుగా మార్చింది. అంటే అది దయ కాదు, పనివాడు సంపాదించుకుంటూ వచ్చి యజమాని దగ్గర దాచి ఉంచిన జీతం వంటిది. ఒకరి సొమ్ము మన దగ్గర దాచుకుంటే, తిరిగి ఇవ్వవలసిన రోజుకు ముందు తలుపు వేసుకోవడాన్ని ఏమంటాం?

"వాళ్లే సంతకం పెడుతున్నారు కదా, నేనేమీ బలవంతం చేయడం లేదు" అని మిత్రుడు అన్నారు. ఆ సంతకం వెనుక ఏముందో చూడాలి. పెట్టకపోతే పని పోతుంది. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, తల్లి మందులు అన్నీ ఆ కలం మొనమీదే ఉన్నాయి. 1891లో పదమూడవ లియో పోపుగారు 'రేరుం నోవారుం' విశ్వలేఖలో ఈ విషయమే వివరించారు. ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన కూలి న్యాయమైపోదనీ, అవసరానికో భయానికో లొంగి ఒప్పుకున్నవాడు బలాత్కారానికి గురైనవాడేననీ ఆయన బోధించారు. మన చట్టం కూడా అంత గుడ్డిది కాదు. శాశ్వత ఉద్యోగుల సౌకర్యాలు దక్కకుండా చేయాలనే ఉద్దేశంతో పనివారిని ఏళ్ల తరబడి తాత్కాలికంగానే ఉంచడాన్ని పారిశ్రామిక వివాదాల చట్టం అన్యాయమైన పద్ధతుల జాబితాలో చేర్చింది. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ మాట ఉంది.

అయితే యజమాని గోడు కూడా వినాలి. ఆయన దొంగ కాదు. కొట్టు అద్దె ఏటా పెరుగుతోంది. జనం ఫోనులోనే బట్టలు కొనుక్కుంటున్నారు. పండుగల బేరం మునుపటిలా లేదు. "అందరికీ ఇచ్చుకుంటూ పోతే కొట్టు మూతపడుతుంది, అప్పుడు పధ్నాలుగు కుటుంబాలూ వీధిన పడతాయి" అన్నారు. ఆ భయం నిజమైనదే. కానీ అయిదేళ్లు నిండిన రోజునే డబ్బు కట్టనక్కరలేదు. మనిషి పని మానుకున్నప్పుడు ఇవ్వాలి. పైన చెప్పిన జీతం మీద ఏడాదికి 7,500 అంటే నెలకు 625 రూపాయలు. జీతంతోపాటే దాన్ని పక్కన పెడుతూ వస్తే ఒక్కసారిగా నెత్తిన పడే భారం ఉండదు. జీవిత బీమా సంస్థలో ఇందుకు గ్రూపు పథకం కూడా ఉంది. మొదటినుంచీ దాచకపోవడం వల్ల వచ్చిన ఇబ్బందికి పరిహారం గుమాస్తా చేత కట్టించడం న్యాయం కాదు.

మరి తొమ్మిదిమందే ఉన్న కొట్టు మాటేమిటని ఎవరైనా అడగవచ్చు. చట్టం అక్కడ గ్రాట్యుటీ అడగదు. కానీ పదో మనిషి గుమ్మం దాటి లోపలికి వస్తేనే మిగిలిన తొమ్మిదిమంది చెమటకు విలువ వస్తుందా? ఇంతకు తగ్గితే శిక్షిస్తానని చెప్పడమే చట్టం పని. ఇంతవరకే మంచివాడివిగా ఉండు అని అది ఏనాడూ చెప్పలేదు. శక్తికొద్దీ ఎంతో కొంత దాచి ఇచ్చే చిన్న యజమానులు మన మధ్య లేకపోలేదు.

నేను మిత్రుడిని చివరగా ఒక్కటే అడిగాను. "రాజీనామా రాయమన్నప్పుడు వాళ్లకు కారణం ఏమని చెబుతారు?" ఆయన కాసేపు మాట్లాడలేదు. "బేరాలు లేవని చెబుతామండీ" అన్నారు మెల్లగా. బేరాలు లేనప్పుడు రెండు నెలల తర్వాత మళ్లీ ఎలా రమ్మంటారు? అసలు కారణం ఎదుటి మనిషి ముఖం చూసి చెప్పలేకపోతున్నామంటే, ఆడిటరు ఒప్పుకున్నా, అధికారి ఒప్పుకున్నా, ఆ పనిలో తప్పుందని మనకే తెలుసు.

వ్యాపారం చేసే సోదర సోదరీమణులారా, రేపు కొట్టు తెరవగానే హాజరు పుస్తకం ఒకసారి తీయండి. ఒక్కొక్క పేరు పక్కన ఎన్నేళ్లు పనిచేశారో రాసుకోండి. దాని పక్కన మీరు వారికి బాకీ ఉన్న మొత్తం వేసుకోండి. సరుకు ఇచ్చిన షావుకారు బాకీని మరిచిపోని మనం, ఆ సరుకు అమ్మిపెట్టిన మనిషి బాకీని మరిచిపోవచ్చునా?