అందరిదైన పచ్చికలో ఎవరి వాటా ఎంత?

ఇతరుల ధనానికి ఆశపడవద్దంటుంది ఈశావాస్యోపనిషత్తు తొలి మంత్రం. పొరుగువాడి ఇంటినీ ఎద్దునూ ఆశించవద్దంటుంది బైబిలు పది ఆజ్ఞల్లో చివరిది. పరుల సొమ్ము విషయంలో ధర్మం ఏమిటో ఈ రెండూ తేటగా చెబుతాయి. మరి పరులదీ తనదీ కూడా అయిన సొమ్ము సంగతేమిటి? ఊరంతటికీ చెందిన పచ్చికలో తన ఆవును మేపుకోవడం తప్పు కాదు. రెండో ఆవును తోలితే? పదో ఆవును తోలితే? హక్కు ఎక్కడ ఆగి లోభం ఎక్కడ మొదలవుతుంది?

స్విట్జర్లాండ్‌లోని ఒక చిన్న రైతు ఊరు ఈ ప్రశ్నతో అయిదు వందల ఏళ్లకు పైగా కాపురం చేసింది. దాని పేరు టోర్బెల్.

దేశానికి దక్షిణాన వాలే అనే ప్రాంతంలో, విస్పా నది లోయకు ఎగువన, దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఏటవాలు కొండ మీద ఉంటుందీ ఊరు. వానలు తక్కువ. కొండవాగుల నీటిని కాలువలు తవ్వి పొలాలకు మళ్లించుకోవాలి. రై ధాన్యం పండే చేలు, ఎండుగడ్డి కోసే బీళ్లు, ద్రాక్షతోటలు ఎవరివి వారివే. వేసవిలో ఆవులు మేసే ఎత్తైన పచ్చిక, అడవి, బంజరు మాత్రం ఉమ్మడివి. 1483 ఫిబ్రవరి 1న ఊరివాళ్లు ఈ ఉమ్మడి ఆస్తుల కోసం ఒక సంఘం కట్టి, ఒప్పందం మీద సంతకాలు చేశారు.

1517 నాటికి ఉన్న ఒక నియమం అసలు చిక్కును విడదీసింది. చలికాలమంతా రైతు తన సొంత గడ్డితో ఎన్ని ఆవులను సాకగలడో, వేసవిలో అన్నింటినే కొండకు తోలాలి. ఎక్కువ తోలితే జరిమానా. మంచు కురిసే నెలల్లో ఎవరి కొట్టంలో ఎన్ని పశువులున్నాయో ఇరుగుపొరుగుకు తెలుసు. కొండెక్కిన రోజునే ఆవులను లెక్కపెట్టేవారు. జరిమానా వసూలు చేసే ఊరి అధికారికి అందులో సగం దక్కేది. వేసవిలో తీసిన జున్నును ఎవరి ఆవుల లెక్క ప్రకారం వారికి పంచేవారు.

కట్టెల విషయంలో పద్ధతి వేరు. నరకాల్సిన చెట్లకు అటవీ కాపరి గుర్తులు పెడతాడు. హక్కున్న కుటుంబాలు కలిసి నరికి, మోసి, ఇంచుమించు సమానమైన కుప్పలు వేస్తాయి. తర్వాత చీట్లు తీస్తారు. ఏ కుప్ప తనకు వస్తుందో ముందు తెలియదు కనుక అన్ని కుప్పలూ సమానంగా పేర్చడమే అందరికీ మేలు.

1968లో గారెట్ హార్డిన్ అనే శాస్త్రవేత్త, ఉమ్మడి పచ్చిక నాశనం కాక తప్పదని ఒక ప్రసిద్ధ వ్యాసంలో వాదించాడు. అదనపు ఆవుతో వచ్చే లాభం ఒక్కడిది, నష్టం అందరిదీ అయినప్పుడు ఎవరూ ఆగరని ఆయన తర్కం. టోర్బెల్‌లో ఉండి పరిశోధించిన మానవశాస్త్రవేత్త రాబర్ట్ నెట్టింగ్ 1981లో తన పుస్తకం ప్రచురించాడు. దాని ఆధారంగా రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో తన పుస్తకంలో ఈ ఊరిని ప్రపంచం ముందు పెట్టింది. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రంగంలో దాన్ని అందుకున్న తొలి మహిళ ఆమే. పర్యవేక్షణ లేని ఉమ్మడి ఆస్తి గురించే తాను మాట్లాడి ఉండాల్సిందని తర్వాతి కాలంలో హార్డిన్ కూడా ఒప్పుకున్నాడు.

ఆస్ట్రమ్ తన 1990 పుస్తకంలోనే ప్రస్తావించిన పరిశోధకుల్లో రాబర్ట్ వేడ్ ఒకరు. ఆయన చూసినవి కర్నూలు జిల్లా పల్లెలు. కాలువ చివరన, నీరు అందీ అందని ఊళ్లలో రైతులు నీరు పెట్టేవారినీ చేను కాపలాదారులనూ ఉమ్మడిగా పెట్టుకునేవారని ఆయన గమనించాడు. నీటికి కరువు లేని ఊళ్లలో ఇలాంటి కట్టుబాట్లు తక్కువ. టోర్బెల్‌లోనూ కర్నూలు పల్లెల్లోనూ మనుషుల్ని కలిపింది అవసరమే.

దీన్ని బట్టి ఒక మాట ధైర్యంగా అనవచ్చు. టోర్బెల్ రైతులు లోభాన్ని జయించిన మునులు కారు. పొరుగువాడు హద్దు దాటడన్న భరోసా ఉంది కనుక తామూ హద్దులో ఉన్నారు. కొందరు దీన్ని భయం వల్ల పుట్టిన మంచితనమని చిన్నచూపు చూస్తారు. అది సరికాదు. ఆ నియమాలను ఏ రాజూ పైనుంచి రుద్దలేదు. ఊరివాళ్లే ఓటు వేసి పెట్టుకున్నారు, తరతరాలుగా మోశారు. తన మీద తానే అంగీకరించి పెట్టుకున్న కట్టుబాటు ధర్మం కాక మరేమిటి?

అయితే ఆ ధర్మానికి గోడలున్నాయి. 1483 ఒప్పందం ప్రకారం, బయటివాడు ఊళ్లో భూమి కొన్నా పచ్చికలో హక్కు రాదు, చెట్టు కొట్టే అనుమతీ లేదు. గడ్డిబీళ్లు ఎక్కువున్న ఇంటికే ఎక్కువ ఆవులు, ఎక్కువ జున్ను. ఆస్తి పిల్లలందరికీ పంచే ఆచారం వల్ల చెక్కలు చిన్నవైపోగా, చాలామంది ఆలస్యంగా పెళ్లాడారు. కొందరు పెళ్లే చేసుకోలేదు, కొందరు వలసపోయారు. ఇక ఓటు మాటకొస్తే, స్విస్ మహిళలకు జాతీయ స్థాయిలో ఆ హక్కు 1971లో గానీ రాలేదు.

తమవాళ్ల మధ్య న్యాయంగా ఎలా పంచుకోవాలో టోర్బెల్ గొప్పగా చూపింది. తమవాళ్లెవరన్న ప్రశ్నకు మాత్రం తలుపు మూసింది. గాలినీ సముద్రాలనూ భూగర్భ జలాలనూ ఉమ్మడిగా కాపాడుకోవాలని ఈ ఊరిని ఉదాహరణగా చూపేవారు, ఆ మూసిన తలుపు గురించి కూడా చెప్పాలి.