తన దీపం తన కంట్లో పడదు

రాత్రిపూట ఎదురుగా వచ్చే కారు లైట్లు ఇదివరకటికంటే కళ్ళల్లో గుచ్చుకుంటున్నాయన్నది వట్టి భ్రమ కాదు. పాత హాలోజన్ బల్బు పసుపు వెలుగు సుమారు 3,200 కెల్విన్ల దగ్గర ఉంటే, ఎల్ఈడీల తెలుపు తరచు 5,000 దాటుతుంది. అందులో నీలం పాలు ఎక్కువ, కంటికి బాధా ఎక్కువే. దానికి తోడు బండ్లు ఎత్తు పెరిగాయి. రోడ్డు మీద పడాల్సిన వెలుగు చిన్న కారు నడిపేవాడి కళ్ళ మట్టానికి వచ్చింది. అమెరికాలో ఈ పెరుగుదలకు ప్రభుత్వమే కొంత ఎరువు వేసింది: 1975 నాటి ఇంధన పొదుపు చట్టం కింద వచ్చిన నిబంధనలు పికప్‌లకు, ఎస్‌యూవీలకు కార్లకంటే సడలింపు ఇచ్చాయి.

ఇందులో ధర్మసూక్ష్మం ఒకటుంది. ఇతరులు చేస్తే నీకు ఏది అప్రియమో దాన్ని నువ్వు ఇతరులకు చేయకపోవడమే ధర్మమని తిక్కన భారతం చెబుతుంది. మంచి కొలబద్దే. అయితే అది పనిచేయాలంటే, చేసేవాడికి తాను చేస్తున్నది కనబడాలి. హెడ్‌లైటు దగ్గర సరిగ్గా అదే కుదరదు. నడిపేవాడికి దారి తేటగా కనబడుతుంది, అంతే. తన లైటు ఎదుటివాడి కంట్లో ఎలా దిగుతుందో ఎన్నడూ చూడడు. ఎత్తు సీటులో కూర్చుంటే బానెట్ ముందు నిలబడ్డ పిల్లవాడూ కనబడడు. అతనికి పాపభీతి ఉండవచ్చు. పాపం కనబడని చోట కూర్చున్నాడు. మన లారీల వెనక 'యూజ్ డిప్పర్ ఎట్ నైట్' అని రాయించుకోవడం ఊరికే కాదు, బాధ పడేవాడు చెప్పుకుంటే తప్ప బాధ పెట్టేవాడికి తెలియదు.

పెద్ద బండి కొని నా పిల్లల క్షేమం నేను చూసుకోవద్దా అని అడగవచ్చు. తప్పక చూసుకోవాలి. కాని సీటు బెల్టు వల్ల అవతలివాడికి నష్టం లేదు, బరువు అలాంటిది కాదు. ఆండర్సన్, ఆఫ్‌హామర్ అనే ఆర్థికవేత్తల లెక్కలో, ఢీకొట్టే బండి బరువు వెయ్యి పౌండ్లు పెరిగితే అవతలి కారులో ప్రాణం పోయే అవకాశం 47 శాతం పెరిగింది. బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండి మనిషిని గుద్దితే, 30 అంగుళాలలోపు వాలు బానెట్ ఉన్నదానికంటే చావు ముప్పు సుమారు 45 శాతం ఎక్కువని అమెరికా బీమా సంస్థల పరిశోధన 2023లో తేల్చింది. అంటే ఈ క్షేమంలో కొంత ఇంకొకరి పిల్లల వాటాలోంచి తీసుకున్నదే. అందరూ పాటించినా నిలబడేదే నీతి అన్న తత్త్వవేత్త కాంట్ పరీక్షకు కూడా ఇది ఆగదు: అందరూ పెద్ద బండ్లే కొంటే ఎవరికీ పైచేయి ఉండదు, నడిచిపోయేవాడు మాత్రం నలుగుతాడు.

నేనొక్కణ్ణే చిన్న కారు కొంటే పెద్ద బండ్ల మధ్య నలిగేది నేనే గదా అన్నది గట్టి ఆక్షేపణ. ఆ త్యాగం చేయమని ఒక కుటుంబాన్ని అడగడం న్యాయం కాదు. మనస్సాక్షికి చూపు ఆననప్పుడు నియమమే చూడాలి. ఎదుటివాడి మీద పడే మేరకే వెలుగు తగ్గించే లైట్లు ఐరోపాలో ముందే వచ్చినా, అమెరికా 2022లో గాని అనుమతించలేదు. దారి చూసుకోవడానికి అవతలివాడి కళ్ళు పోగొట్టనక్కర్లేదని అవి రుజువు చేశాయి. బరువుకు అలాంటి చిట్కా లేదు. ఫ్రాన్సు 2022లో 1,800 కిలోలు దాటిన కార్ల మీద కిలోకింతని పన్ను వేసింది. డబ్బున్నవాడు అది కట్టి కొనుక్కుంటాడు గదా అంటే, కొనుక్కుంటాడు. కాకపోతే ఇన్నాళ్ళూ ఎదుటివాడు మోసిన ఖరీదులో కొంతైనా అతని బిల్లు మీద అంకెగా కనబడుతుంది.